మొహం తిప్పుకున్నాడా, ముఖం చాటేశాడా? పలకరించకుండా పోయే మాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, అంకీస, రాజురా, బల్లార్షా, కిన్వట్, ధర్మాబాద్ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సెల్లులో హిందీ వింటారు. ఎవరైనా కావాలని చూడకుండా పోతే దాన్ని ఏ మాటతో చెప్పాలో వాళ్లకు తడబాటు. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఇటు వచ్చిన అల్లుళ్లకు, కోడళ్లకు ఇంకో రకం తడబాటు. ఈ రెండు వైపుల నుంచీ ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

"పట్టించుకోలేదు" అంటే సరిపోదా? ఇన్ని మాటలు ఎందుకు?

సరిపోదు. తండ్రి పిల్లల చదువు పట్టించుకోకపోవచ్చు, పంచాయతీ మురికికాలువను పట్టించుకోకపోవచ్చు, ఎదురుగా వచ్చిన మేనమామ మిమ్మల్ని పట్టించుకోకపోవచ్చు. మొదటి రెండూ బద్ధకం. మూడోది అలా కాదు, ఆయన ఏదో చెప్పదలుచుకున్నాడు. "పట్టించుకోలేదు" అన్న మాటలో ఈ తేడా కనపడదు.

"కావాలనే పట్టించుకోలేదు" అనవచ్చు గానీ, తెలుగువాళ్లు మామూలుగా అలా చుట్టు తిరిగి చెప్పరు. ఒంట్లో ఏది పక్కకు తిరిగిందో చెబుతారు. మొహం తిప్పుకుంది, పెడచెవిన పెట్టాడు, మూతి విరిచింది, వాడి కంటికి మేము ఆనడం లేదు. అవయవం మారితే నేరమూ మారుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బల్లార్షా స్టేషన్‌లో ముక్కూమొహం తెలియనివాడు మిమ్మల్ని చూడకుండా పోతే దానికి తెలుగులో పేరే లేదు, అక్కర్లేదు కూడా. పలకరింపు ఒక బాకీ. బాకీ ఉన్నవాడే ఎగ్గొట్టగలడు. అందుకే ఈ మాటలన్నీ బావలు, వదినలు, వియ్యపురాళ్లు, పక్కింటివాళ్లు, పాత దోస్తుల చుట్టే తిరుగుతాయి.

మొహం తిప్పుకోవడం, ముఖం చాటేయడం, పెడమొహం పెట్టడం మూడూ ఒకటేనా?

కావు. ఎక్కువ మంది కలిపేసేది ఈ మూడింటినే.

మొహం తిప్పుకునేవాడు మిమ్మల్ని చూశాడు. చూసిన సంగతి మీకు తెలియాలనే తిప్పుకున్నాడు. మీరు గమనించకపోతే వాడి శ్రమంతా వృథా. ఇందులో కోపం ఉంటుంది, కొంచెం ప్రదర్శన కూడా ఉంటుంది.

ముఖం చాటేసేవాడు దీనికి పూర్తిగా వేరు. మీరు వాడిని చూడకూడదన్నదే వాడి కోరిక. అంగడి రోజున ఉల్లిగడ్డల కుప్ప దగ్గర మీరు బేరం ఆడుతుంటారు. మీ దగ్గర చేబదులు తీసుకున్న మనిషి అటు నుంచి సంచి ఊపుకుంటూ వస్తాడు. మిమ్మల్ని చూడగానే చెప్పుల దుకాణం ముందు వంగి, తన కాలికి రెండు సైజులు చిన్నదైన చెప్పును తిప్పి తిప్పి చూస్తాడు. మీరు కదిలేదాకా ఆ చెప్పు వదలడు. అదీ ముఖం చాటేయడం. కోపం కాదు, జంకు. అప్పు, మాట తప్పడం, పెళ్లి సంబంధం చూస్తానని చూడకపోవడం, ఇలాంటివి దీని వెనక ఉంటాయి. అవసరానికి కనపడకుండా పోయిన చుట్టాన్ని కూడా "ఆపదలో ముఖం చాటేశాడు" అంటాం.

పెడమొహం పెట్టడానికి మనిషి దూరంగా పోనక్కర్లేదు. పక్కనే కూర్చుంటాడు, ఒకే బంతిలో తింటాడు, ఇటు మాత్రం తిరగడు. "పెడ" అంటేనే పక్కకు పోయింది, దారి తప్పింది అని. పెడదారి, పెడచెవి, పెడర్థం, పెడసరం అన్నీ ఆ కుదురువే. ఇద్దరూ అలాగే ఉంటే ఎడమొహం పెడమొహం. ఇది ఒక్క రోజు పని కాదు, ఒక కాలం. అన్నదమ్ములు గట్టు దగ్గర మాట పడి ఎడమొహం పెడమొహంగా ఏళ్లు గడిపేస్తారు. ఎవరు మొదలుపెట్టారో చెప్పడం ఇష్టం లేకపోతే మన వైపు వాడే మాట ఇంకా తేలిక: "మాకూ వాళ్లకూ మాటల్లేవు." తప్పు ఎవరిదో అందులో లేదు. పెళ్లిచూపుల్లో, పంచాయతీలో ఈ మాటే వాడటం మంచిది.

"వాడి మొఖం చూడ" అన్నది ఒట్టు. ఒట్టు పెట్టినవాళ్లలో చాలామంది అవతలివాడి చావుకు వస్తారు. అప్పుడు ఎవరూ దాన్ని ఎత్తిచూపరు.

"చూసీ చూడనట్టు పోయాడు" అంటే తిట్టా, మెచ్చుకోలా?

రెండూ అవుతుంది. దారిలో చూసీ చూడనట్టు పోతే అవమానం. పరీక్షలో పిల్లవాడు పక్కకు తొంగి చూస్తుంటే మాస్టారు చూసీ చూడనట్టు పోతే దయ. కోడలు పొద్దెక్కి లేస్తే అత్త చూసీ చూడనట్టు ఊరుకుంటే ఆ ఇల్లు అదృష్టం చేసుకుంది. అర్థం తేల్చేది ఒక్కటే, అవతలివాళ్లకు చూపు కావాలా వద్దా అన్నది.

మా అవ్వ "వాడు నన్ను మందలియ్యలేదు" అని బాధపడింది. మందలించకపోతే మంచిదే కదా?

కోస్తా నుంచి వచ్చినవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆ వైపు మందలించడం అంటే మెల్లగా కోప్పడటం. పేపర్లో "తండ్రి మందలించాడని ఇల్లు వదిలిన బాలుడు" అని వచ్చేది ఆ అర్థంలోనే. తెలంగాణలోనూ, దానికి ఆనుకుని ఉన్న మన వైపూ మందలించడం అంటే పలకరించడం, బాగోగులు అడగడం. ఎవరింట్లోనైనా జబ్బు చేసినా, మనిషి పోయినా "మందలియ్య పోదాం" అంటారు. అంటే పరామర్శకు పోదామని.

కాబట్టి మీ అవ్వ బాధ చిన్నది కాదు. మన దగ్గర మందలింపుకు ఒక పద్ధతి ఉంది. పూర్తి మందలింపు అంటే ఆగాలి, దిగాలి, అడగాలి. "బాగున్నవా అవ్వా? మోకాళ్ల నొప్పులు తగ్గినయా? చిన్నోడు నాగపూర్‌లనే ఉన్నడా?" అని మూడు ప్రశ్నలైనా పడాలి. జవాబు వినాలి కూడా. బండి మీద నుంచే గడ్డం పైకెత్తి పోవడం సగం మందలింపు, కుర్రవాళ్లకు చెల్లుతుంది. మేనల్లుడు ఆమె గడపకు ఎదురుగా ఉన్న పాన్‌టపరీ దగ్గర బండి ఆపి, తంబాకు కొని, చున్నం అడిగి రుద్దుకుని, ఇటు చూడకుండా బండి తిప్పుకుని పోయాడనుకోండి. అరుగు మీద కూర్చున్న అవ్వ అదంతా చూసింది. ఇంక దానికి పెద్ద మాటలేవీ వద్దు. "మందలియ్యకుండనే పోయిండు" అన్న ఒక్క మాట చాలు, ఊళ్లో అందరికీ అర్థమవుతుంది.

దీనికి జోడు మాట అర్సుకోవడం. మందలించడం నోటితో, అర్సుకోవడం చేతితో. ఒంట్లో బాగాలేనప్పుడు గంజి తెచ్చి ఇచ్చినవాళ్లు అర్సుకున్నట్టు. "ఇంతమంది ఉండి ఎవ్వరూ అర్సుకోలే" అన్నది మన వైపు ముసలివాళ్ల నోట వచ్చే అన్నింటికంటే బరువైన ఫిర్యాదు. నా లెక్కలో "పట్టించుకోలేదు" దీని ముందు తేలిపోతుంది.

వినిపించుకోకపోవడాన్ని ఏమంటాం?

చెవి దగ్గర మాటలకు కొదవ లేదు. సలహాను పెడచెవిన పెడతాం, మాటను చెవికెక్కించుకోము, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. పెడచెవిన పెట్టడం ఎక్కువగా పెద్దల మాట విషయంలోనే వస్తుంది. చిన్నవాడి మాటను పెద్దవాడు పెడచెవిన పెట్టాడని మామూలుగా అనరు, "కొట్టిపారేశాడు" అంటారు. మాటలో కూడా వయసుకు ఒక మెట్టు ఉంది చూడండి.

మీరు అడుగుతూనే ఉన్నా అవతలివాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం వేరు. అది వినకపోవడం కాదు, వింటున్నానని ఒప్పుకోకపోవడం.

లెక్కచేయడం లేదు, ఖాతరు చేయడం లేదు, దేకుతలేడు. తేడా ఏమిటి?

లెక్కచేయకపోవడంలో గర్వం ఉంది. ఖాతరు ఉర్దూ నుంచి వచ్చింది, అక్కడ మర్యాద చేయడమనే అర్థం ఉన్న మాట. మనం దాన్ని ఎక్కువగా లేదనడానికే వాడతాం: ఖాతరు చేయలేదు, బేఖాతరు. పేపర్లు నియమాలను, హెచ్చరికలను బేఖాతరు చేయిస్తాయి గానీ మేనత్తను కాదు.

దేకుడు పూర్తిగా నోటి మాట. హిందీ "దేఖ్" నుంచి వచ్చింది. "ఇప్పుడు మమ్ముల ఎవడు దేకుతడు?" అన్నదాంట్లో కోపం కంటే ఎగతాళి ఎక్కువ, అదీ సగం తన మీదే. దోస్తుల మధ్య బాగుంటుంది. పెద్దవాళ్ల ముందు, రాతలో వాడకండి.

బడిలో నేర్చిన మరాఠీ మాటలను తెలుగులో ఎలా చెప్పాలి?

పిల్లలు "టీచర్ నన్ను దుర్లక్ష్ చేసింది" అంటుంటారు. ఇంట్లో అర్థమవుతుంది, వరంగల్‌లో అర్థం కాదు. మరాఠీలో లక్ష్ అంటే ధ్యాస. తెలుగులో లక్ష్యం అంటే ముందు గుర్తొచ్చేది గురి. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. "ఎవరి మాటా లక్ష్యపెట్టడు", "అలక్ష్యం చేశాడు" అన్నవి ఆ ఇంటివే. దుర్లక్ష్‌కు దగ్గరి మాట కావాలంటే నిర్లక్ష్యం ఉంది. కాకపోతే నిర్లక్ష్యం పని మీద, ఆరోగ్యం మీద బాగా నప్పుతుంది. మనిషిని కావాలని పక్కన పెట్టినప్పుడు "నన్ను చూడనట్టే ఉంది" అనడం సహజం.

కానాడోళా నాకు ఇష్టమైన మరాఠీ మాట. చెవినీ కంటినీ ఒకే మాటలో కట్టేశారు. మనం దానికి "చూసీ చూడనట్టు, వినీ విననట్టు" అని నాలుగు మాటలు ఖర్చుపెడతాం. టాళ్ణే అంటే తప్పించుకు తిరగడం. "వాడు నన్ను టాళుతుండు" అని కలగలిపి మాట్లాడే పిల్లలున్నారు, నేనైతే దిద్దను.

దిద్దాల్సినవి వేరే ఉన్నాయి. పాఠ్ ఫిరవణేను మాటకు మాట తెచ్చి "వెన్ను చూపాడు" అంటే తెలుగులో యుద్ధం నుంచి పారిపోయాడని అర్థం. మీ బావ ఒక్కసారిగా పిరికివాడైపోతాడు. మరాఠీ అవహేలనా అంటే చిన్నచూపు, ఆదరణ లేకపోవడం. తెలుగు అవహేళన అంటే నవ్వి గేలి చేయడం. మొదటిదానిలో నోరు మూసుకుంటారు, రెండోదానిలో తెరుస్తారు. అపేక్షా అక్కడ ఎదురుచూపు, ఇక్కడ అపేక్ష అంటే కోరిక, ఆప్యాయత. "మీ మీద నాకు అపేక్ష లేదు" అని మరాఠీ ధ్యాసలో అన్న ఒక మాట వియ్యాలవారి మధ్య ఎంత దూరమైనా పోగలదు.

చులకన చేయడం, తీసిపారేయడం కూడా ఇవేనా?

పక్కపక్క ఇళ్లు, ఒకటే ఇల్లు కాదు. పలకరించకుండా పోయినవాడి మనసులో మీకు ఇంకా చోటుంది. లేకపోతే మొహం తిప్పుకునే కష్టమెందుకు? చులకన చేసేవాడు మాట్లాడతాడు, నవ్వుతాడు, మీ మాటకు విలువ మాత్రం ఇవ్వడు. పూచికపుల్లలా తీసిపారేశాడు, గడ్డిపోచకన్నా హీనంగా చూశాడు అన్నవి ఈ కోవవి. కూరలో కరివేపాకు సంగతి వేరు, వాడుకుని పడేసినప్పుడే అది చెల్లుతుంది. ఊరికే పలకరించని మనిషి మీద ఆ సామెత వేయకండి.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు" అన్న సామెత మాత్రం అన్నింటికీ పనికొస్తుంది. నలుగురిలో జరిగిన అవమానానికి బరువు ఎక్కువ. ఒంటరి దారిలో మొహం తిప్పుకుంటే మర్చిపోతారు. అదే పని పెళ్లి పందిట్లో చేస్తే మర్చిపోరు.

మూతి తిప్పడం ఆడవాళ్ల గురించే ఎందుకు అంటారు?

అన్యాయం కాబట్టి. మూతి విరిచింది, మూతి మూడు వంకర్లు తిప్పింది, మోర ఎత్తుకుని పోయింది అన్నవన్నీ ఆడవాళ్ల ఖాతాలోనే వేస్తారు. అదే పని మగవాడు చేస్తే "ఏదో టెన్షన్‌లో ఉన్నాడు" అంటారు.

అలక కూడా ఇందులోకే వస్తుందా?

రాదు. అలిగినవాళ్లు బతిమాలించుకోవాలని చూస్తుంటారు. తలుపు వేసుకున్నా గడియ పెట్టరు. పెళ్లిలో అల్లుడికి అలకపాన్పు అని ఒక వేడుకే ఉంది. ఏదో ఒకటి ఇచ్చేదాకా లేవడు, అందరూ నవ్వుతారు. సత్యభామ పేరు చెబితే ముందు అలకే గుర్తొస్తుంది. బతిమాలడం ఆగిపోయినా మాట రాకపోతే అప్పుడది అలక దాటిపోయిందని అర్థం. మధ్యలో ముభావం ఒకటి ఉంది: అడిగినదానికి జవాబు చెబుతారు, అంతకు మించి ఒక్క మాట రాదు. పిల్లల కటీఫ్ గురించి చెప్పేదేమీ లేదు, సాయంత్రానికి పోతుంది.

పెళ్లికి పిలిచారు, కానీ పిలిచినట్టు లేదు. ఇది అవమానమేనా?

చాలాసార్లు అవును. సరిహద్దు ఊళ్లలో పిలుపుకు మెట్లు ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఇంటికొచ్చి, కూర్చుని, బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి "మీరు ముందు రోజే రావాలె" అనడం మొదటిది. మగవాడు ఒక్కడే వచ్చి గుమ్మంలో కార్డు ఇచ్చిపోవడం రెండోది. పక్కింటివాళ్లతో కార్డు పంపడం మూడోది. వాట్సాప్‌లో కార్డు ఫొటో ఎక్కడో అట్టడుగున. చంద్రపూర్‌లోనో పుణెలోనో ఉండే దోస్తుకు వాట్సాప్ సరిపోతుంది. అదే వీధిలో ఉన్న చిన్నమ్మకు సరిపోదు. దూరం కొద్దీ మర్యాద తగ్గవచ్చు గానీ, చుట్టరికం కొద్దీ తగ్గకూడదు.

పిలవకపోవడం కంటే మొక్కుబడిగా పిలవడం ఎక్కువ గుచ్చుకుంటుంది. పిలవకపోతే "మర్చిపోయారేమో" అని సర్దుకోవచ్చు. కార్డు మీద పేరు తప్పు రాసి, ఎవరిచేతో పంపిస్తే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. "పిలవని పేరంటానికి పోవద్దు" అన్న సామెత అందరికీ తెలుసు. పిలిచీ పిలవని పేరంటానికి పోవాలా వద్దా అన్నదానికే ఇళ్లలో రాత్రంతా చర్చ.

పందిట్లోకి వెళ్లాక చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎవరు ఎదురొచ్చారు? "నీళ్లు తాగిండ్రా?" అని అడిగారా? "తిన్నరా?" అని ఇంటివాళ్లు ఒక్కసారైనా బంతి దగ్గరికి వచ్చారా? ఇవేవీ జరగకపోతే "మర్యాద జరగలేదు" అంటారు. అందరికీ చీరలు పెట్టి ఒకరికి జాకెట్ ముక్క పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది. ఆ ముక్క బీరువాలో మడత విప్పకుండా ఉంటుంది, వాళ్లింట్లో శుభకార్యం వచ్చేదాకా.

మరాఠీ ఇరుగుపొరుగు సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా హళదీ కుంకూకు, అంటే పసుపు కుంకుమ పేరంటానికి, పిలుస్తారు. వాడంతా పిలిచి ఒక్క ఇంటిని వదిలేస్తే దాని అర్థం తెలుగులో వేరే చెప్పక్కర్లేదు.

పలకరించకపోయినా తప్పు కాని సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, కొత్తవాళ్లు వీటిని తప్పక తెలుసుకోవాలి. బయల్దేరి గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగం. అడిగితే పని చెడుతుందంటారు. ఊరుకున్నవాళ్లు మీ మేలు కోరే ఊరుకున్నారు. తప్పదనుకుంటే "దూరమా?" అంటారు.

చావు జరిగిన ఇంటి నుంచి వచ్చేటప్పుడు "పోయొస్త" అనకూడదు. చెప్పకుండా లేచి రావాలి. మామూలు రోజుల్లో అదే ఇంటి నుంచి "పోయొస్త" అనకుండా వస్తే మాత్రం పెద్ద తప్పు.

వెలివేయడం అంటే ఇదే పెద్ద ఎత్తున చేయడమా?

కాదు, రెండూ కలపకండి. ఒక మనిషి మీతో మాట మానేయడం అతని ఇష్టం. కులపెద్దలు కూర్చుని "వాళ్లింటికి ఎవరూ పోవద్దు, వాళ్లను శుభానికి పిలవద్దు, శవాన్ని మోయవద్దు" అని తీర్మానిస్తే అది వెలి. ఇందులో అందరూ మొహం తిప్పుకుంటారు, చాలామంది ఇష్టం లేకుండానే. తిప్పుకోకపోతే వాళ్లకూ అదే గతి. మళ్లీ కలుపుకోవాలంటే "తప్పు" కట్టాలంటారు, అంటే జరిమానా. మరాఠీలో దీన్ని వాళీత్ టాకణే అంటారు.

మహారాష్ట్రలో ఇది నేరం. సాంఘిక బహిష్కారం నుంచి ప్రజలను కాపాడే చట్టాన్ని శాసనసభ 2016లో ఆమోదించింది. అది 2017 జూలై 3 నుంచి అమల్లో ఉంది. నేరం రుజువైతే 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బాధితులు పోలీసుల దగ్గరికైనా, నేరుగా మెజిస్ట్రేట్ దగ్గరికైనా వెళ్లవచ్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలను ఇతరులు ఇలా వెలివేస్తే, వేస్తామని బెదిరించినా, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఆ మాట స్పష్టంగా ఉంది. ఆ చట్టం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

బొంబాయి రాష్ట్రం 1949లోనే కులబహిష్కారాన్ని నిషేధిస్తూ ఒక చట్టం తెచ్చింది. అప్పటికి మన ఊళ్లు బొంబాయిలో లేవు. చాందా జిల్లా (ఇప్పటి చంద్రపూర్) నాగపూర్ వైపు పాలనలో ఉండేది. నాందేడ్, కిన్వట్, రాజురా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి, 1956లోనే ఇటు వచ్చాయి. ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రాల మతగురువు వేసిన కేసులో 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మతసంస్థకు తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కుందన్నది కారణం. ఆ తర్వాత కొత్త చట్టానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "మా వాళ్లు కొంచెం దూరం పెట్టారు, అంతే" అని వెలిని మెత్తటి మాటల్లో చుట్టడం మన వైపు బాగా అలవాటు. వెలిని వెలి అనే అనాలి. ఫిర్యాదు రాసేటప్పుడు "పట్టించుకోవడం లేదు" అని రాస్తే చదివినవాళ్లకు అది ఇంటి గొడవలాగే కనపడుతుంది. ఎవరు కూర్చున్నారు, ఏమని తీర్మానించారు, ఎవరిని దేనికి పిలవవద్దన్నారు, ఎంత తప్పు కట్టమన్నారు, ఇవి రాయాలి.

ఆఫీసులో పట్టించుకోకపోతే ఏ మాట వాడాలి?

సామెతలకు కొదవ లేదు: చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, దున్నపోతు మీద వాన కురిసినట్టు, నిమ్మకు నీరెత్తినట్టు. రేషన్ కార్డులో పేరు మార్పించడానికి నేను తిరిగిన ఒక కౌంటర్‌లో నా కాగితం మరాఠీలో లేదని వెనక్కి ఇచ్చారు, మరాఠీలో ఇస్తే సాహెబ్ లేడన్నారు. ఆ గుమాస్తా బాబు నన్ను చూడనే లేదు, నా కాగితాన్నే చూశాడు. అయినా దాన్ని అవమానం అనను, నిర్లక్ష్యం అంటాను. మొదట చెప్పిన బాకీ లెక్క గుర్తుందిగా, ఆ బాబు నాకు పలకరింపు బాకీ లేడు, పని బాకీ ఉన్నాడు.

ఫోన్‌లో జవాబివ్వకపోవడానికి తెలుగు మాట ఉందా?

కొత్త మాట వెతకక్కర్లేదు. "నీలి టిక్కులు పడ్డయ్ గని జవాబు లేదు" అంటున్నారు, చాలు. ఇగ్నోర్ చేశాడు, అవాయిడ్ చేస్తున్నాడు అన్నవి తెలుగే అయిపోయాయి. ఒకసారి చూడకపోతే ఇగ్నోర్, అదే పనిగా తప్పించుకు తిరిగితే అవాయిడ్ అని జనం తేడా కూడా పాటిస్తున్నారు.

కుటుంబం గ్రూపులో జరిగేది మాత్రం అచ్చంగా పందిట్లో జరిగేదే. అందరి పుట్టినరోజులకూ కేకు బొమ్మ పెట్టే పెద్దవదిన ఒక్కరి పుట్టినరోజున ఊరుకుంటుంది. పావుగంట తర్వాత శుభోదయం పువ్వు పంపుతుంది. తాను చూసిందని, అయినా అనలేదని అందరికీ తెలియడానికి ఆ పువ్వు.

ఎదుటపడి అడగాలంటే ఎలా అడగాలి?

వరస చూసుకుని అడగాలి. బావ, మరదలు, వదిన వరసైతే ఎత్తిపొడుపు చెల్లుతుంది: "ఏం బావా, మేం కండ్లకు ఆనుతలేమా?", "పెద్దోళ్లయిండ్రు వదినా, మా గల్లీ తొవ్వ మరిచినట్టున్నరు." నవ్వుతూ అంటే వాళ్లూ నవ్వాల్సిందే. మామకు, పెద్దనాన్నకు ఇది పనికిరాదు. వాళ్లతో తప్పు మన మీద వేసుకుని మొదలుపెట్టాలి: "మా వల్ల ఏమన్న తప్పయిందా పెద్దనాయినా, మాట్లాడ్తలేరు?" "కళ్లు నెత్తికెక్కాయా" అన్నది ఎవరి ముఖం మీదా అనకండి. అది అడగడం కాదు, తెగదెంపులు.

మళ్లీ మాట కలపడానికి మంచి అదను ఏది?

మనకు రెండు పండగలు ఉన్నాయి, రెండూ వాడుకోవచ్చు. దసరా సాయంత్రం తెలంగాణలో జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారం అని చెప్పి, అలయ్ బలయ్ చేసుకుంటారు. మరాఠీవాళ్లు ఆపటా ఆకు ఇచ్చి సోనం అంటారు. సరిహద్దులో ఏది దొరికితే అది. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి ఆకు పట్టుకుపోవడం ఆనవాయితీ కాబట్టి, ముందు ఎవరు తగ్గాలన్న పేచీ లేదు. వయసే తేల్చేస్తుంది. ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కినవాణ్ని మొహం తిప్పుకుని పంపడం ఎంత మొండివాళ్లకైనా కష్టం.

సంక్రాంతికి తిళ్‌గూళ్. నువ్వులు బెల్లం ఉండ ఇచ్చి "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటారు, ఇది తిని తియ్యగా మాట్లాడమని. పెద్ద గొడవలకు దసరా, చిన్న అలకలకు సంక్రాంతి అని నా సలహా. నువ్వుల ఉండను పిల్లల చేత పంపినా తప్పు పట్టరు.

నేను నిజంగా చూడలేదు, వాళ్లు నొచ్చుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

దానికి పరాకు, పరధ్యానం అన్న మాటలు ఉన్నాయి. "పరధ్యానంల ఉండి చూడలే చిన్నమ్మా" అంటే చాలు. ఫోన్ చేసి చెప్పవద్దు, మెసేజ్ అసలే వద్దు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లండి. చూడని సంగతి ఎత్తే ముందు పూర్తి మందలింపు కానివ్వండి: ఆరోగ్యం, పిల్లలు, పంట. చాయ్ పెడతానంటే వద్దనకండి. వద్దంటే అది ఇంకో కొత్త లెక్క.